పెగ్గుల లెక్క ఫోన్ చెబుతుంది, మిగతా లెక్క ఎవరు చెప్పాలి?

తాగుడు తగ్గించుకోవడానికి ఇప్పుడు మొబైల్ యాప్‌లు ఉన్నాయి. ఎప్పుడు, ఎంత తాగామో నమోదు చేస్తే వారం చివర మొత్తం చూపిస్తాయి. "వారంలో మూడు రోజులు ముట్టను" అని లక్ష్యం పెట్టుకుంటే సాయంత్రానికి గుర్తు చేస్తాయి. ఎంత డబ్బు మిగిలిందో కూడా చెబుతాయి. ఇవి నిజంగా పనిచేస్తాయా? ఎవరికి పనిచేస్తాయి? బెల్టు షాపు గడప పక్కనే ఉన్న మన వాడల్లో వీటి వల్ల ఒరిగేదేమిటి?

లెక్క ఎలా వేస్తారు

ఈ యాప్‌లన్నిటికీ మూలం ఒక్కటే. తాగేవాళ్లలో చాలామంది తాము తాగేది తక్కువే అనుకుంటారు. ఏ రోజుకారోజు రాసుకుంటే ఆ భ్రమ పోతుంది.

లెక్కకు ఒక కొలత కావాలి. మన దేశంలో వైద్యులు సాధారణంగా 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ని ఒక 'డ్రింక్' అంటారు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ములో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక డ్రింక్. నైంటీ అంటే మూడు. క్వార్టర్ అంటే ఆరు. 650 మిల్లీలీటర్ల బీరు సీసా 5 శాతం రకమైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. "నేను బీరే తాగుతా, మందు ముట్టను" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. "రోజుకో క్వార్టరే కదా" అంటే వారానికి 42 డ్రింకులు. క్వార్టర్ ధర రూ.150 అనుకున్నా నెలకు రూ.4,500.

ఎంత తగ్గుతుంది

బ్రిటన్‌లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 'డ్రింక్ లెస్' అనే ఉచిత యాప్‌ను తయారు చేసి, 5,602 మందితో పరీక్షించారు. సగం మందికి యాప్ ఇచ్చారు, మిగతా సగానికి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సలహాల పేజీ చూపించారు. ఆరు నెలల తర్వాత యాప్ వాడినవాళ్లలో అదనపు తగ్గుదల, విశ్లేషించే పద్ధతిని బట్టి, వారానికి సుమారు ఒకటి నుంచి రెండు యూనిట్లు. ఒకటే యూనిట్ అని తేల్చిన ప్రధాన విశ్లేషణలో ఆ తేడాను కచ్చితంగా యాప్ వల్లేనని చెప్పలేకపోయారు. అక్కడ యూనిట్ అంటే 8 గ్రాములు. కాబట్టి రెండు యూనిట్లు వేసుకున్నా మన లెక్కలో ఒకటిన్నర చిన్న పెగ్గు. లక్షల మంది వాడితే ఇది సమాజానికి మేలే. ఒక ఇంట్లో మాత్రం దీనివల్ల అద్భుతం జరగదు.

ఎవరు యాప్‌ను నమ్ముకోకూడదు

ప్రాణానికి సంబంధించిన విషయం ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఆడిట్' పేరుతో 10 ప్రశ్నల పరీక్ష ఒకటి రూపొందించింది. మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ముప్పు మొదలైనట్టు. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే మద్యానికి బానిసై ఉండవచ్చు, డాక్టర్ చూడాలి. యాప్‌లు పనికొచ్చేది ఈ రెండింటి నడుమ ఉన్నవాళ్లకు.

ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు తట్టుకోదు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వస్తాయి. ఆ తర్వాత లేనివి కనిపించడం, అయినవాళ్లను గుర్తుపట్టలేకపోవడం మొదలవుతుంది. చికిత్స అందకపోతే చనిపోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఒక్కసారిగా పెరిగింది ఇందుకే. పొద్దున లేవగానే వణుకు తగ్గడానికి చుక్క పడాల్సిన స్థితిలో ఉంటే, ఫోన్‌లో లక్ష్యం పెట్టుకుని సొంతంగా మానేయొద్దు. ఆసుపత్రికి వెళ్లాలి.

కల్తీ కల్లు విషయంలో ఇంకో చిక్కుంది. అందులో కలిపే క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులను ఏ యాప్ లెక్కించదు. మానేసినప్పుడు ఒళ్లు ఎదురుతిరిగేది ఆ మందుల కోసమే. గుడుంబాకి, నాటుసారాకి సీసా మీద శాతం ఉండదు కనుక అక్కడా లెక్క కుదరదు.

యాప్‌లో లేని గడులు

ఎంత తాగారని యాప్ అడుగుతుంది, ఎందుకని కూడా కొన్ని అడుగుతాయి. జవాబుగా 'ఒత్తిడి', 'పార్టీ', 'ఒంటరితనం' అనే గడులు ఉంటాయి. మందు పడకపోతే ఆ కంపులో దిగలేమని చెప్పే పారిశుద్ధ్య కార్మికుడు ఏ గడి నొక్కాలి? మనుషులను మలమూత్రాల్లోకి దింపడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆ పని ఆగకుండా అతని చేతిలో యాప్ పెట్టడమంటే తప్పును అతని మీదికే నెట్టడం.

ఇక ఫోన్ సంగతి. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అందరూ వాడతారు. పేరున్న యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి.

రాసిన సమాచారం ఎవరికి చేరుతుందో కూడా చూడాలి. అమెరికాలో మద్యం మాన్పించే 'మాన్యుమెంట్' సంస్థ వాడకందారుల ఆరోగ్య వివరాలను ప్రకటనల కంపెనీలకు అందజేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో చర్య తీసుకుంది. మనకు ఇది ఇంకా సున్నితమైన విషయం. పెద్ద కులాల ఇంట్లో అద్దాల బీరువాలో సీసాలుంటే అది 'సోషల్ డ్రింకింగ్'. మన వాడలో తాగితే అది మన 'గుణం'. ఆ ముద్ర ఉన్న చోట తాగుడు రికార్డు పనిచ్చేవాడి చేతిలో పడితే ఉద్యోగం పోవచ్చు. అసలు పేరు, ఫోన్ నంబరు, లొకేషన్ అడిగే యాప్‌కు దూరంగా ఉండటం మంచిది. రెండు రూపాయల పెన్నుతో పాత నోట్‌బుక్‌లో రాసుకున్నా లెక్క లెక్కే.

సర్కారు లెక్క

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవాళ్లు దేశంలో 18.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3, తెలంగాణలో 43.3. ఢిల్లీ ఎయిమ్స్ నిర్వహించగా కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసిన సర్వే, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని చెప్పింది. 2021లో తెలంగాణ ప్రభుత్వం మద్యం దుకాణాల్లో ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అమ్మకంలో మన వాటా గుర్తొచ్చిన సర్కారుకు చికిత్సలో మన వాటా ఎందుకు గుర్తు రాదు?

చికిత్స అంటే పెద్ద ఆసుపత్రులే కానక్కర్లేదు. గోవాలో సంగత్ సంస్థ 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 377 మంది మగవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, నాలుగు విడతల లోపు కౌన్సెలింగ్ చేయించారు. మూడు నెలల తర్వాత చూస్తే, గత 14 రోజుల్లో అసలు తాగనివాళ్లు కౌన్సెలింగ్ పొందినవారిలో 42 శాతం, పొందనివారిలో 18 శాతం. మన ఆరోగ్య కేంద్రాల్లో, మన వాడల యువతీయువకులకు జీతమిచ్చి, తెలుగులో ఈ పని చేయించమని అడగవచ్చు.

లెక్క రాయడం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, కూలి డబ్బు ఎటు పోతోందో లెక్క తీసి సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటం ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఆ లెక్కను ఇంట్లో దాచుకోలేదు. ఊరి ముందు పెట్టి సర్కారును నిలదీశారు.

తగ్గించుకోవాలనుకునేవాళ్లు యాప్‌లోనో, నోట్‌బుక్‌లోనో ఈ రోజే రాయడం మొదలుపెట్టండి. నెల రోజులు రాసినా తగ్గకపోతే అది మీ బలహీనత అనుకోకండి, సాయం కావాలని అర్థం. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ మండలంలో చికిత్స ఎక్కడ దొరుకుతుందో ఆ ఫోన్‌లోనే అడగండి. దొరకదంటే ఆ జవాబును గ్రామసభలో చదివి వినిపించండి.