క్లూయివెరా: ఎవరికీ తెలియని పేగు క్రిమి

రెండేళ్ళ క్రితం ఆగస్టులో ఇండియా నుంచి తిరిగొచ్చిన వారానికే మా అమ్మాయికి జ్వరం, మూత్రంలో మంట. డాక్టరుగారు రాసిన మాత్రలు మూడు రోజులు వేసినా తగ్గలేదు. అలా ఎందుకయిందని చదవబోతే క్లూయివెరా అనే పేరు తగిలింది.

హాలెండులో డెల్ఫ్టు ఊళ్ళో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ క్లూయివర్ (1888–1956) పేరిట 1956లో జపాను వారు పెట్టిన పేరిది. ఆ తరువాత మరుగున పడిపోతే, 1981లో అమెరికా వారు మళ్ళీ నిలబెట్టారు. మన పేగుల్లో కాపురముండే ఇ.కోలికి ఇది దాయాది. నీళ్ళలో, మట్టిలో, మురుగులో, ఒక్కొక్కప్పుడు మన పేగుల్లో ఉంటుంది. మనిషికి జబ్బు తెచ్చిపెట్టడం బహు అరుదు.

మరి దీని గొడవ మనకెందుకంటారా? సెఫోటాక్సిమ్ వంటి మందులను విరగ్గొట్టే ఎంజైము తాలూకు జన్యువు దీనికి పుట్టుకతోనే ఉంది. తనేమో దాన్ని పెద్దగా వాడుకోదు. ఆ జన్యువు కాస్తా ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్ట మీదికెక్కి ఇ.కోలిలోకి చేరింది. ఇ.కోలి చేతిలో పడ్డాక ఊరుకుంటుందా! 1980ల చివర జర్మనీలోని మ్యూనిక్‌లో ఈ ఎంజైము బయటపడితే, మందు పేరూ ఊరి పేరూ కలిపి సి.టి.ఎక్స్.-ఎం అన్నారు. ఇందులో 15వ రకాన్ని న్యూఢిల్లీ రోగుల నమూనాల్లో కనుగొన్నట్టు 2001లో ప్రకటించారు. ఇవాళ ప్రపంచంలో బాగా పాకిపోయినది ఆ రకమే.

2017లో హాలెండు వారు ఒక పరిశోధన ప్రచురించారు. దక్షిణాసియా వెళ్ళొచ్చిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఇటువంటి మొండి క్రిములను పేగుల్లో పెట్టుకుని తిరిగొచ్చారట. జబ్బేమీ పడకుండానే సుమా. ప్రాంతాలన్నీ కలిపి చూస్తే, సగంమందిలో నెల తిరిగేసరికి పోయాయి. నూటికి పదకొండుమందిలో ఏడాది దాటినా ఉన్నాయి. ప్రయాణంలో యాంటిబయోటిక్ వాడినవారికి ఇవి ఎక్కువగా పట్టుకున్నాయి.

అది చదివి తలదించుకున్నాను. అక్కడ పిల్లకి విరోచనాలయితే, వీధి చివర మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొని వేసింది నేనే. ఇక్కడ డాక్టరుగారితో ఇండియా వెళ్ళొచ్చామన్న ముక్క కూడా చెప్పలేదు. చెప్పివుంటే మొదటిరోజే మూత్రం కల్చర్ పరీక్షకి పంపేవారు. నాలుగో రోజున పంపితే, ఫలితం రావడానికి మరో రెండు రోజులు పట్టింది. ఆ తరువాతే సరయిన మందు పడింది.