రాణి ఈగకు మగలెందరు?

బంబుల్ ఈగ రాణి వేసవి చివర మగ ఈగతో జతకట్టి, చలికాలమంతా నేలలో ఒంటరిగా నిద్రిస్తుంది. వసంతంలో గూడు పెట్టేనాటికి ఆ మగ ఈగ బతికి ఉండదు. (మన ఊళ్ళలో దూలాలు తొలిచే నల్ల తుమ్మెద వేరు. ఇది చలిదేశాల జీవి. మన హిమాలయాల్లోనూ ఉంది.) మరి రాణి ఎన్ని మగ ఈగలతో జతకట్టిందో తెలిసేదెలా? దాని కూతుళ్ళనే అడగాలి!

మగ ఈగ ఫలదీకరణ జరగని గుడ్డునుంచి పుడుతుంది. కనుక దానికి ఒకే వరుస క్రోమోజోములుంటాయి. కూతుళ్ళందరికీ అవే వస్తాయి. డి.ఎన్.ఎ.లో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలు పదేపదే వస్తాయి. ఆ ముక్క పొడవు ఈగకూ ఈగకూ మారుతుంది. ఇదే జన్యు గుర్తు. రాణిలో 120, 124 పొడవులున్నాయనుకోండి. కూలి ఈగలన్నింటిలో వీటిలో ఒకటీ, దానితోపాటు 130 కనిపిస్తే తండ్రి ఒక్కడే. కొన్నింటిలో 130కి బదులు 136 ఉంటే? రెండో తండ్రి దొరికినట్టే. ఇద్దరు తండ్రులకూ 130 ఉండవచ్చు కదా అంటారా? మంచి ప్రశ్న. అందుకే అనేక గుర్తులు చూస్తారు.

1990ల నుంచి యూరపులో ఇలా పరీక్షించగా, బాంబస్ టెరెస్ట్రిస్ రాణి సాధారణంగా ఒక్కసారే జతకడుతుందని తేలింది. బాంబస్ హిప్నోరమ్ గూళ్ళు కొన్నింటిలో మాత్రం ఒకరికి మించి తండ్రులు బయటపడ్డారు. ఒక్కసారే అంటే ప్రమాదమూ ఉంది. ఆ మగ ఈగ లింగనిర్ణయ జన్యువు రాణిలోని ఒకదానితో సరిపోలిందంటే, కూలి ఈగలు కావలసిన గుడ్లలో సగం మగవే అవుతాయి. పనిచేసే చేతులు లేక గూడు కుంటుపడుతుంది.