నుదుటి మీద ఎర్ర కాంతి.. మెదడులో నెత్తురు లెక్క!

చీకట్లో సెల్‌ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడండి. వేలంతా ఎర్రగా మెరుస్తుంది. మిగతా రంగులను నెత్తురు ఎక్కువగా మింగేసి ఎరుపును వదిలేస్తుంది మరి. ఎరుపు తర్వాత వచ్చే, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి ఇంకా లోపలికి పోతుంది. చర్మం, పుర్రె దాటి మెదడు పైపొర దాకా! 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అనే శాస్త్రవేత్త పిల్లి తల గుండా ఈ కాంతిని పంపి, లోపలి ఆక్సిజన్ మార్పులను బయటి నుంచే పట్టుకున్నారు. ఇవాళ్టి ఎఫ్‌నిర్స్ రంగానికి పునాది అదే.

మెదడులో ఒక భాగం పనిలో పడితే కొన్ని సెకన్లలోనే అక్కడికి నెత్తురు ఎక్కువగా చేరుతుంది. ఆక్సిజన్ మోస్తున్న హీమోగ్లోబిన్, మోయని హీమోగ్లోబిన్ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. టోపీలో ఒకచోట కాంతిని పంపే ఎల్ఈడీ, సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో సెన్సర్. తిరిగొచ్చిన కాంతి ఎంత తగ్గిందో చూసి లెక్క తేలుస్తారు. డిగ్రీ కెమిస్ట్రీలో చదివిన బీర్-లాంబర్ట్ సూత్రాన్నే కాస్త మార్చి వాడతారు. ఎమ్మారైలో లాగా కదలకుండా పడుకోనక్కర్లేదు. పసిబిడ్డను అమ్మ ఒళ్లో ఉంచే పరీక్షించొచ్చు. లోతు భాగాలు మాత్రం దీనికి అందవు.

పామిడిలో ఉన్న మనకెందుకిది అంటారా? ఒత్తయిన నల్ల జుట్టు, ముదురు రంగు చర్మం ఈ కాంతిని బాగా మింగేస్తాయి. కరోనా రోజుల్లో వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరుదీ ఇదే సూత్రం. ఆక్సిజన్ పడిపోయినా అది గుర్తించకపోవడం తెల్లవారి కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువని 2020లో అమెరికా పరిశోధకులు తేల్చారు. రేపు ఎండల్లో పనిచేసే అనంతపురం రైతు తలకు ఇలాంటి టోపీ పెడితే సరిగ్గా చూపించాలి కదా! ఆ పని ఎక్కడో తయారుచేసే వాళ్లకే వదిలేస్తే ఎలా?

ఇది ఎంబీబీఎస్ వాళ్ల సొత్తేం కాదు. బీఎస్సీ ఫిజిక్స్, ఈసీఈ, ఈఈఈ చదివేవాళ్లకే ఇక్కడ పనెక్కువ. అయితే ‘ఎఫ్‌నిర్స్ ఇంజినీర్ కావలెను’ అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడుస్తాయి. సిగ్నల్ ప్రాసెసింగ్, ఆప్టిక్స్, పైతాన్ నేర్చుకుంటే వైద్య పరికరాల కంపెనీలకూ, పరిశోధన ల్యాబ్‌లకూ పనికొస్తారు. నెల రోజుల ‘న్యూరోటెక్’ సర్టిఫికెట్‌కు వేలకు వేలు కట్టమంటే మాత్రం ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.

మీ ఊరి మీదుగా పోయే 44వ నంబరు హైవే దక్షిణాన బెంగళూరుకు, ఉత్తరాన హైదరాబాద్‌కు తీసుకెళ్తుంది. బెంగళూరు ఐఐఎస్సీలో ప్రొఫెసర్ ఫణీంద్ర యలవర్తి బృందం ఇలాంటి కాంతి కొలతల నుంచి శరీరం లోపలి చిత్రాన్ని గణించే పద్ధతులపై పనిచేసింది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. బీటెక్ వాళ్లకు గేట్ దారి. బయోమెడికల్ పేపర్ 2021 పరీక్షలకు ముందే, 2020లోనే వచ్చింది. బీఎస్సీ వాళ్లు జామ్ రాసి ఎమ్మెస్సీలో చేరొచ్చు.

పరికరం లేకున్నా పని మొదలుపెట్టొచ్చు. ఎంఎన్ఈ-పైతాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. వేళ్లు తడుతుండగా తీసిన ఎఫ్‌నిర్స్ నమూనా డేటా కూడా దాంతోపాటే దొరుకుతుంది. అందులో గుండె కొట్టుకునే అల కూడా కలిసి ఉంటుంది. ముందు దాన్ని వడగట్టి తీసేయండి. ఎడమ చేతి వేళ్లు ఆడించినప్పుడు మెదడులో ఏ పక్క నెత్తురు పెరిగిందో మీకే కనిపిస్తుంది.