దుడ్డెకు తల్లి దూరమైనంక గొంతువాపు ఎందుకొస్తది?

మా సికింద్రాబాద్‌ల బర్ల కొట్టాల కాడ సూస్తుంట. పాలు మాన్పిచ్చిన నాడే దున్నదుడ్డెను ఆటోల ఎక్కిచ్చి అంగడికి తోలుతరు, కోతకు పెంచెటోళ్లు కొంటరని. తల్లి దూరం, మేత మార్పు, ప్రయాణం, కొత్త మంద: అన్నీ ఒక్కపారే. ఒంట్ల కార్టిసాల్ పెరుగుతది, రోగాన్ని ఆపే తాకత్ తగ్గుతది. గొంతుల సప్పుడు లేకుండ ఉన్న పాశ్చురెల్లా సూక్ష్మజీవి గప్పుడు లేస్తది. జరం, గొంతువాపు, గురక. వానకాలంల ఒక్కరోజుల పాణం పోవచ్చు. దిష్టి గాదు తమ్మీ!

పశువుల డాక్టర్‌ను అడిగి టీకా వానలకు ముందే ఏయించుండ్రి. పాలు తాగంగనే దాణా, పచ్చిగడ్డి మెల్లగ అలవాటు చెయ్యాలె, లేకుంటే అరగదు. మాన్పిచ్చినంక కొన్నొద్దులు తల్లిని కంచెకు అటుదిక్కే ఉంచుండ్రి. కనవడితే దుడ్డె అరుపులు తగ్గుతయి, మేత ముడుతది. అంగడి గా తర్వాతనే. అమ్మినోనికి పైసలొస్తయి; సచ్చిన దుడ్డె మాత్రం కొన్న చిన్నరైతు ఖాతాల్నే పడుతది.