టికెట్టు కొన్నాక ఛార్జీ తగ్గితే

విద్యార్థులారా, పల్లెవెలుగు బస్సు ఎక్కినప్పుడు పక్క సీటులోని ప్రయాణికుడు టికెట్టుకు ఎంత పెట్టాడో అడగాల్సిన పని ఉండదు. ఉచిత ప్రయాణం చేసేవారి సంగతి పక్కన పెడితే, ఒకే దూరానికి అందరిదీ ఒకే ఛార్జీ. విమానంలో అలా కాదు. ఒకే వరసలో కూర్చున్న ముగ్గురు మూడు వేర్వేరు ధరలు చెల్లించి ఉండవచ్చు. మీరు ఈ రోజు కొన్న టికెట్టునే వచ్చే వారం మరొకరు మీకంటే తక్కువకు కొనవచ్చు కూడా. అప్పుడు మీకు ఒక సందేహం కలగడం సహజం. ఆ తేడా డబ్బు నాకు తిరిగి రావాలి కదా?

బజారులో చొక్కా కొన్న మర్నాడు అదే చొక్కా మీద తగ్గింపు బోర్డు పెట్టారని దుకాణదారును నిలదీయలేం. టికెట్టు విషయంలోనూ సాధారణ సూత్రం అదే. కొన్న క్షణాన ఉన్న ధరకు ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్లే లెక్క. అయితే అమెరికా దేశీయ విమాన ప్రయాణాల్లో మాత్రం ఈ తేడాను రాబట్టుకునే మార్గం ఒకటి ఇప్పుడు చాలామంది ప్రయాణికులకు అందుబాటులో ఉంది. ఆ తేడా సాధారణంగా నగదుగా రాదు, క్రెడిట్ రూపంలో వస్తుంది. అది ఎలా వస్తుంది, వచ్చిన క్రెడిట్ నిజంగా ఎంత విలువ చేస్తుంది అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. పైచదువులకు అక్కడికి వెళ్లే మన తెలుగు విద్యార్థులు చాలామంది సెలవులకు ఒక ఊరి నుంచి మరో ఊరికి విమానంలోనే తిరుగుతారు కనుక, ఇది ఏదో దూరపు ముచ్చట అనుకోకండి.

ముందుగా ధర ఎందుకు మారుతుందో చూడాలి. గుడి ముందు మల్లెపూలు అమ్మే ఆమెను గమనించండి. చీకటి పడేకొద్దీ మూర ధర తగ్గిస్తుంది. రేపటికి వాడిపోయే సరుకు కదా! విమానంలో సీటు అంతకంటే త్వరగా వాడిపోతుంది. తలుపు మూసిన మరుక్షణం ఖాళీ సీటు విలువ సున్నా. మరి విమాన సంస్థ కూడా ఆఖరి గంటలో ధర తగ్గించాలి కదా? కాని జరిగేది ఎక్కువగా దానికి విరుద్ధం. పూల దగ్గరకు చివర వచ్చేవాడు బేరమాడేవాడు. విమానానికి చివర వచ్చేవాడు కంపెనీ ఖర్చుమీద వెళ్లే ఉద్యోగి, లేదా ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చినవాడు. ఎంతైనా పెట్టక తప్పనివాడు. నెలరోజుల ముందు కొనేవాళ్లు విహారయాత్రికులు, విద్యార్థులు. ధర ఎక్కువైతే వీళ్లు ప్రయాణమే మానుకుంటారు.

అందుచేత సంస్థ ముందు కొన్ని సీట్లను చవకగా అమ్మి, మరికొన్నింటిని చివర వచ్చేవాళ్లకోసం దాచిపెట్టాలి. ఎన్ని దాచాలి? అదే అసలు లెక్క. 180 సీట్లున్న విమానాన్ని కొన్ని ధరల గంపలుగా విడదీశారనుకోండి. ఒక్కో గంపకు ఒక ధర, గుర్తుగా ఒక ఇంగ్లీషు అక్షరం. అన్నిటికంటే చవక గంపలో సీట్లు అయిపోతే పై గంప తెరుచుకుంటుంది. కంప్యూటరు రోజూ అమ్మకాలను పాత అనుభవంతో పోల్చి చూస్తూ గంపలను తెరుస్తూ, మూస్తూ ఉంటుంది. దీన్నే రాబడి నిర్వహణ అంటారు.

ఈ పద్ధతి పుట్టిల్లు అమెరికా. అక్కడ 1978 వరకు దేశీయ విమాన ఛార్జీలను సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు అనే ప్రభుత్వ సంస్థ నియంత్రించేది. ఆ సంవత్సరం వచ్చిన చట్టంతో నియంత్రణ తొలగిపోవడం మొదలైంది. 1981లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే సంస్థ అతి తక్కువ ఛార్జీలతో రంగంలోకి దిగింది. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తెలివిగా జవాబిచ్చింది. అన్ని సీట్ల ధర తగ్గించకుండా, ముందుగా కొనాలి, ఇన్ని రోజులు ఉండాలి వంటి షరతులతో కొన్ని సీట్లను మాత్రమే చవకగా ఇచ్చి, మిగిలినవి పూర్తి ధరకే అమ్ముకుంది. ఆ పోటీకి పీపుల్ ఎక్స్‌ప్రెస్ నిలవలేకపోయింది. 1987లో కాంటినెంటల్ సంస్థలో కలిసిపోయింది. మన దేశంలో 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం 1994లో రద్దయ్యాక ప్రైవేటు సంస్థలకు దారి సుగమమైంది, క్రమంగా ఈ గంపల లెక్కా వచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ధర తగ్గేది ఎప్పుడు? కంప్యూటరు అంచనా వేసినంత వేగంగా సీట్లు అమ్ముడుపోనప్పుడు, మూసిన చవక గంప మళ్లీ తెరుచుకుంటుంది. పోటీ సంస్థ అదే మార్గంలో తగ్గింపు ప్రకటించినా అంతే. అంటే ధర తగ్గడం మీమీద దయతో కాదు, వాళ్ల అంచనా తప్పినందువల్ల. మీరు కొన్నది ఆ పొరపాటు బయటపడకముందు, అంతే తేడా.

పూర్వం అమెరికాలో ఈ తగ్గుదలను చూసి నిట్టూర్చడం తప్ప చేయగలిగింది తక్కువ. టికెట్టు మార్చుకోవాలంటే పెద్ద సంస్థలు మార్పు రుసుము వసూలు చేసేవి. 2010 తర్వాతి దశాబ్దంలో దేశీయ టికెట్టుకు అది 200 డాలర్ల దాకా ఉండేది. ఛార్జీ 80 డాలర్లు తగ్గిందని 200 డాలర్లు కట్టి మార్చుకునే వాళ్లెవరు? హక్కు కాగితం మీద ఉంది, చేతికి రాదు. ఒక్క 2019లోనే అమెరికా సంస్థలు ఈ రుసుము కింద సుమారు 280 కోట్ల డాలర్లు రాబట్టాయి. డల్లాస్ కేంద్రంగా నడిచే సౌత్‌వెస్ట్ మాత్రం మార్పు రుసుము లేకపోవడాన్నే తన ప్రచారంగా చేసుకుంది.

కరోనా వచ్చి విమానాలు ఖాళీ అయ్యాక పరిస్థితి తలకిందులైంది. 2020 ఆగస్టు చివర యునైటెడ్, డెల్టా, అమెరికన్ సంస్థలు ఒకదాని వెనక ఒకటి చాలా దేశీయ టికెట్ల మీద మార్పు రుసుమును ఎత్తేశాయి. ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. రుసుము ఎత్తేయడం వేరు, చవక టికెట్టుకు మారినప్పుడు మిగిలే తేడాను తిరిగి ఇవ్వడం వేరు. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది ఉన్నట్లు కాదు. ఏ సంస్థ టికెట్టు కొన్నా ఈ రెండో వాక్యం నిబంధనల్లో ఉందో లేదో వెతకాలి.

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. డల్లాస్ నుంచి షికాగోకు 310 డాలర్లకు టికెట్టు కొన్నారు. మూడు వారాల తర్వాత చూస్తే అదే విమానం, అదే తరగతి 235 డాలర్లు. అప్పుడు సంస్థ వెబ్‌సైటులో మీ బుకింగు తెరిచి, విమానం మార్చుకునే వీలును ఎంచుకుని, మళ్లీ అదే విమానాన్ని తీసుకోవాలి. మీరు వెళ్లే విమానం మారదు, మారేది ధర ఒక్కటే. మిగిలిన 75 డాలర్లు మీ పేరున క్రెడిట్‌గా జమ అవుతాయి. కొన్ని సంస్థల వెబ్‌సైటులో ఇలా కుదరకపోతే ఫోను చేసి అడగాలి. ముందు రద్దు చేసి తర్వాత కొందామనుకుంటే, ఆ నడిమి నిమిషాల్లో చవక గంప మూతపడినా పడవచ్చు. అందుకే మార్పు ద్వారా వెళ్లడమే మంచిది.

ఇందులో మరో మెలిక ఉంది. ఇద్దరికి కలిపి టికెట్లు తీసుకుని, తర్వాత ఇద్దరి పేరుమీదే ధర వెతికితే తగ్గుదల కనిపించకపోవచ్చు. చవక గంపలో ఒక్క సీటే మిగిలి ఉంటే, చాలా సంస్థల కంప్యూటర్లు ఇద్దరికీ పై గంప ధరే చూపిస్తాయి. ఒక్కరికని వెతికి చూడండి. అలాగే బేసిక్ ఎకానమీ అని అన్నిటికంటే చవకగా అమ్మే టికెట్లకు సాధారణంగా ఈ సదుపాయం వర్తించదు. 20 డాలర్లు మిగిలాయని ఆ టికెట్టు కొన్నవాళ్లు, ఛార్జీ ఎంత తగ్గినా చూస్తూ ఊరుకోవాల్సిందే.

క్రెడిట్ కాకుండా నగదే తిరిగి పొందే అవకాశం అక్కడ ఒకటుంది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు కొన్న టికెట్టును, కొన్న 24 గంటల్లోపు నష్టం లేకుండా రద్దు చేసుకునే వీలైనా ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకుండా అంతసేపు ఆ ధరను నిలిపి ఉంచుకునే వీలైనా ఇవ్వాలి అన్నది 2012 జనవరి నుంచి అమెరికా రవాణా శాఖ నియమం. కొన్న మర్నాటి ఉదయం ధర మరోసారి చూడటం అలవాటు చేసుకుంటే ఆ నియమం పనికొస్తుంది.

సరే, 75 డాలర్ల క్రెడిట్ వచ్చింది. అది 75 డాలర్లేనా? సంస్థ దాన్ని ఎందుకు ఇస్తుందో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. డబ్బు వాళ్ల దగ్గరే ఉంది. దానితో మీరు కిరాణా సరుకులు కొనలేరు, గది అద్దె కట్టలేరు. మళ్లీ వాళ్ల విమానమే ఎక్కాలి, అదీ గడువు లోపల. గడువు దాటితే ఆ సొమ్ము వాళ్లదే. నిజానికి మీరు సంస్థకు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్లన్నమాట. గడువు సంగతికి సౌత్‌వెస్ట్‌నే చూడండి. 2022లో తమ క్రెడిట్లకు గడువే లేదని ప్రకటించింది. 2025 మే 28 నుంచి చేసే బుకింగులకు మళ్లీ గడువు పెట్టింది. సాధారణంగా 12 నెలలు, బేసిక్ టికెట్లకు ఆరు నెలలు. అనేక సంస్థల్లో గడువును క్రెడిట్ వచ్చిన రోజు నుంచి కాక, మొదటి టికెట్టు కొన్న రోజు నుంచి లెక్కిస్తారు. ఆరు నెలల ముందే కొన్నవారికి సగం గడువు అప్పటికే కరిగిపోయి ఉంటుంది.

క్రెడిట్ ఒక అప్పు అన్న మాట నా సొంత ఊహ కాదు. మన సుప్రీంకోర్టు తీర్పులోనూ ఆ భావం కనిపిస్తుంది. 2020 లాక్‌డౌనులో విమానాలు ఆగిపోయినప్పుడు సంస్థలు డబ్బు వాపసు ఇవ్వకుండా క్రెడిట్ షెల్ పేరుతో జమ చూపించాయి. ప్రవాసీ లీగల్ సెల్ వేసిన వ్యాజ్యంలో 2020 అక్టోబరు 1న కోర్టు తీర్పు ఇచ్చింది. ఆర్థిక ఇబ్బందుల వల్ల వెంటనే డబ్బు ఇవ్వలేని సంస్థలు 2021 మార్చి 31 వరకు క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు. కాని దాని విలువ 2020 జూన్ 30 వరకు నెలకు అర శాతం, ఆ తర్వాత నెలకు ముప్పాతిక శాతం చొప్పున పెరుగుతూ ఉండాలి. ప్రయాణికుడు దాన్ని వేరొకరికి బదిలీ చేసుకోవచ్చు. వాడుకోకపోతే చివరకు డబ్బు చెల్లించాలి. పదివేల రూపాయల టికెట్టు మీద మొదట నెలకు 50, తర్వాత 75 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కాని ఇతరుల డబ్బు ఊరికే ఉంచుకోకూడదన్న సూత్రం అందులో ఉంది. మామూలు రోజుల్లో వచ్చే క్రెడిట్‌కు ఇలాంటి పెరుగుదల ఉండదు.

అప్పు అన్నాక, తీసుకున్నవాడు దివాలా తీస్తే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో విమానాలు ఆపేశాయి. అలాంటప్పుడు బ్యాంకులు ముందు వరసలో ఉంటాయి, ప్రయాణికుడి జమ చాలా వెనక. అందువల్ల పెద్ద మొత్తాలను క్రెడిట్ రూపంలో ఏళ్లతరబడి ఉంచుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

మన దేశంలో దేశీయ టికెట్టుకు అమెరికా కిటుకు పనిచేస్తుందా? చాలాసార్లు పనిచేయదు. 5,000 రూపాయలకు కొన్న టికెట్టు 4,200కు దిగిందనుకోండి. మార్పుకో, రద్దుకో కోసుకునే మొత్తం 3,000 అయితే, 800 కోసం పోరాడి 2,200 పోగొట్టుకుంటారు. లెక్క వేసి వదిలేయడమే మేలు. అయితే పూర్తిగా రద్దు చేసుకునేవారికి కొన్ని రక్షణలు ఉన్నాయి. 2016లో డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని మించకూడదు. ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. వాపసు సొమ్మును క్రెడిట్‌గా ఉంచుకోవాలా, డబ్బుగా తీసుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం, సంస్థ దాన్ని తనంతట తాను క్రెడిట్ చేయరాదు. ఈ సంగతి తెలియక వచ్చిన క్రెడిట్‌తోనే సరిపెట్టుకునేవారు ఉంటారు. 2019లో వచ్చిన ప్రయాణికుల హక్కుల పత్రం కొన్న 24 గంటల్లోపు రుసుము లేని రద్దుకు వీలిచ్చింది, ప్రయాణం ఏడు రోజుల పైన ఉంటే. ఆ వ్యవధిని 48 గంటలకు పెంచుతూ, షరతులు మారుస్తూ 2025 నవంబరులో ముసాయిదా వెలువడింది. కనుక మీరు కొనేరోజున ఉన్న నియమాన్ని డీజీసీఏ వెబ్‌సైటులో చూసుకోండి.

హైదరాబాదు నుంచి అమెరికాకు కొనే టికెట్టు మరో రకం. అక్కడ మార్పు రుసుము ఉందా లేదా అన్నది టికెట్టు తరగతిని బట్టి, బయలుదేరే దేశాన్ని బట్టి మారుతుంది. ఏజెంటు ద్వారా కొంటే మార్పు చేయాల్సింది కూడా చాలాసార్లు ఏజెంటే, అతని రుసుము అదనం. ఇంకొక్క మాట. క్రెడిట్ సాధారణంగా డబ్బు కట్టినవారికి కాక, టికెట్టు మీద పేరున్న ప్రయాణికుడికి చెందుతుంది. నాన్నగారి కార్డుతో మీకు టికెట్టు కొంటే, మిగిలిన జమ మీ పేరునే ఉంటుంది. ఆ జమతో ఆయనకు టికెట్టు కొనడం చాలా సంస్థల్లో కుదరదు. కాబట్టి ఎంత జమ ఉంది, ఏ తేదీ వరకు పనికొస్తుంది అన్నది ఇంట్లో చెప్పి, క్యాలెండరు మీద రాసిపెట్టండి.