ఇంజనుకు నూనే ప్రాణం

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టకుండా ఎవరూ బండి కట్టరు. కందెన లేకపోతే చక్రం కీచుమంటుంది. ఇరుసు అరిగిపోతుంది. ఎడ్లకు భారం పెరుగుతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు ఊళ్ళలో చిన్న చిన్న ఇంజన్లు కూడా తిరుగుతున్నాయి. పత్తి సాళ్ళ మధ్య కలుపు తీసే మిషను ఉంది. బడి ఆవరణలో, పార్కుల్లో గడ్డి కోసే మిషను ఉంది. నీళ్ళు తోడే చిన్న పంపు ఉంది. ఇలాంటి మిషన్లు చాలావాటిలో పెట్రోలుతో నడిచే చిన్న ఇంజను ఉంటుంది. దానికీ కందెన కావాలి. ఆ కందెనే ఇంజనాయిలు.

కలుపు తీత ఎప్పటినుంచో ఆడవాళ్ళ పని. మిషను వచ్చాక ఆ పని మిషను నడిపేవారి చేతికి పోతుంది. అందుకే కొన్ని మహిళా సంఘాలు అప్పు తీసుకుని మిషన్లు కొంటున్నాయి. వాటిని అద్దెకు తిప్పుతున్నాయి. మంచిదే. కానీ మిషను చెడిపోయి మూలపడితే అద్దె ఆగిపోతుంది. అప్పు వాయిదా మాత్రం ఆగదు. కాబట్టి మిషను కొన్నవాళ్ళకు దాని బాగోగులు కూడా తెలిసి ఉండాలి. అందులో మొదటిది నూనె సంగతి.

నూనె ఏం చేస్తుంది?

రెండు చేతులు గట్టిగా రుద్దితే వేడెక్కుతాయి. నూనె రాసుకుని రుద్దితే జారిపోతాయి. ఇంజనులోనూ అంతే. లోపల పిస్టన్ అనే లోహపు ముక్క పైకీ కిందకీ ఆడుతుంది. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి పోయి కిందకు వస్తుంది. నూనె లేకపోతే లోహం మీద లోహం రాసుకుంటుంది. కాసేపటికే వేడెక్కి పట్టేస్తుంది. ఇక తాడు లాగినా కదలదు.

నూనె లోపలి వేడిని కూడా లాగుతుంది. మసినీ, అరిగిన పొడినీ తనలో కలుపుకుంటుంది. తుప్పు పట్టనివ్వదు.

చాలా చిన్న ఇంజన్లలో నూనెను పైకి తోడే పంపు ఉండదు. అడుగున నూనె నిలిచి ఉంటుంది. చిన్న గరిటె లాంటి ముక్క ఆ నూనెను కొట్టి అన్ని వైపులా చిమ్ముతుంది. అందుకే నూనె తగ్గితే గరిటెకు అందదు. మిషనును బాగా వాలుగా పెట్టి నడిపినా అంతే. నూనె ఒక పక్కకు పోతుంది.

రోజూ చూడాలి

మిషను తీసే ముందు రోజూ నూనె చూడాలి. రెండు నిమిషాల పని. మిషను చదునైన నేల మీద ఉండాలి. ఇంజను ఆగి ఉండాలి. నూనె మూతకు ఒక పుల్ల ఉంటుంది. దానిని తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టి తియ్యాలి. పుల్ల మీద రెండు గీతలు ఉంటాయి. నూనె తడి ఆ రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. కొన్ని ఇంజన్లకు పుల్లను మర తిప్పి చూడాలి. కొన్నిటికి తిప్పకుండా ఊరికే పెట్టి చూడాలి. ఈ సంగతి మిషనుతో ఇచ్చిన పుస్తకంలో బొమ్మతో ఉంటుంది.

కింది గీత కన్నా తగ్గితే కొంచెం కొంచెంగా పొయ్యాలి. పై గీత దాటకూడదు. ఎక్కువైనా నష్టమే. ఇంజను పొగలు కక్కుతుంది.

కొత్త మిషను కొన్నప్పుడు ఇంకా జాగ్రత్త. చాలా మిషన్లు నూనె లేకుండానే దుకాణానికి వస్తాయి. నూనె పోశారో లేదో చూసుకోకుండా తాడు లాగకూడదు.

ఏ నూనె పొయ్యాలి?

డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు రాకపోయినా పరవాలేదు. అంకెలు చదివితే చాలు. చాలా చిన్న ఇంజన్లకు 10, 30 అనే అంకెలున్న నూనె వాడమంటారు. దుకాణంలో దానిని టెన్ డబ్ల్యు థర్టీ అంటారు. మిషను పుస్తకంలో ఏ అంకెలు ఉన్నాయో డబ్బా మీద అవే ఉండాలి. వంటనూనె, వాడి తీసిన పాతనూనె అసలు పొయ్యకూడదు.

ఒక తేడా మాత్రం తప్పక తెలియాలి. ఇంజన్లు రెండు రకాలు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నూనెకు, పెట్రోలుకు చోట్లు వేరు. టూ స్ట్రోక్ ఇంజనులో నూనెను పెట్రోలులోనే కలపాలి. భుజాన తగిలించుకుని గడ్డి కోసే మిషన్లు చాలావరకు ఈ రకమే. దానికి 2టి నూనె కావాలి. 50కి 1 పాలు కలపమని పుస్తకంలో ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. నూనె కలపని పెట్రోలు పోస్తే టూ స్ట్రోక్ ఇంజను పట్టేస్తుంది.

ఎప్పుడు మార్చాలి?

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో నూనె పోస్తూ ఉంటే చాలదు. పాతది తీసి కొత్తది పొయ్యాలి. వాడగా వాడగా నూనె నల్లబడుతుంది. పలచబడుతుంది. దుమ్ము, మసి నిండుతాయి. తెల్లగా పాలలాగా కనిపిస్తే అందులో నీళ్ళు చేరాయని గుర్తు. వెంటనే మార్చాలి.

కొత్త ఇంజనుకు మొదటిసారి తొందరగా మార్చాలి. కొన్ని కంపెనీలు 5 గంటలకు, కొన్ని 20 గంటలకు మార్చమంటాయి. తరవాత 50 గంటలకో 100 గంటలకో ఒకసారి. దుమ్ములో, ఎర్రటి ఎండలో నడిచే ఇంజనుకు ఇంకా ముందే మార్చడం మేలు.

ఎలా మార్చాలి?

ఇంజనును కొద్దిసేపు నడిపి ఆపాలి. నూనె గోరువెచ్చగా ఉంటే మసితో సహా బాగా కారుతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. ప్లగ్గుకు ఉన్న వైరు ఊడదీసి పక్కకు పెట్టాలి. అప్పుడు పొరపాటున ఇంజను తిరగదు, బ్లేడు తగలదు. కింద వెడల్పాటి పాత గిన్నె పెట్టాలి. అడుగు బోల్టు విప్పి నూనె అంతా కారనివ్వాలి. గడ్డి మిషన్లు కొన్నిటికి అడుగు బోల్టు ఉండదు. అలాంటి దాన్ని పక్కకు వంచి నూనె ఒంపాలి. వంచినప్పుడు గాలి జల్లెడ ఉన్న వైపు పైకి ఉండాలి. లేకపోతే నూనె జల్లెడలోకి పోతుంది. పెట్రోలు కారకుండా ముందే ట్యాంకు ఖాళీ చెయ్యాలి.

తరవాత బోల్టు బిగించి కొత్త నూనె పొయ్యాలి. చాలా చిన్న ఇంజన్లకు అర లీటరు, కాస్త పైన సరిపోతుంది. పోశాక పుల్లతో చూసుకోవాలి. కలుపు మిషనుకు గేరు పెట్టె ఉంటే దాని నూనె వేరు. రెండిటినీ కలపకూడదు.

మరికొన్ని జాగ్రత్తలు

ఇంజను గాలి పీల్చే చోట జల్లెడ ఉంటుంది. దుమ్ము పట్టి మూసుకుపోతే ఇంజను ఆయాసపడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. స్పాంజి జల్లెడను సబ్బునీళ్ళతో ఉతికి, ఆరబెట్టి, కొంచెం నూనె రాసి పిండి పెట్టాలి. కాగితం జల్లెడను కడగకూడదు. మెల్లగా తట్టి దులపాలి. ఇంజను మీది రెక్కల మధ్య ఇరుక్కున్న గడ్డిని తీసెయ్యాలి. ఆ సందుల్లో తిరిగే గాలే ఇంజనును చల్లబరుస్తుంది.

ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పొయ్యకూడదు. దగ్గర బీడీ, పొయ్యి ఉండకూడదు. మూసిన గదిలో ఇంజను నడపకూడదు. ఆ పొగలో ప్రాణం తీసే విషవాయువు ఉంటుంది. దానికి వాసన ఉండదు. మిషను దగ్గర కొంగు, జడ బిగించి ముడి వేసుకోవాలి.

తీసిన పాత నూనెను కాలవలో, బావి దగ్గర, చేలో పారబొయ్యకూడదు. నీళ్ళు పాడవుతాయి. డబ్బాలో పోసి, పాత నూనె తీసుకునే మెకానిక్కుకు ఇవ్వాలి. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోవాలి. ఒంటికి మాటిమాటికీ తగిలితే ఆ నూనె చర్మానికి మంచిది కాదు.

గంటల లెక్క ఎవరు రాయాలి?

ఒకరి మిషను అయితే ఆ ఒక్కరికే గుర్తుంటుంది. సంఘం మిషను పది చేతులు మారుతుంది. ఆమె చూసిందనుకుని ఈమె, ఈమె చూసిందనుకుని ఆమె ఊరుకుంటారు. నూనె మాత్రం ఎవరూ చూడరు. దీనికి మందు ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు.

పుస్తకంలో నాలుగు గళ్ళు గీయాలి. తేదీ. ఎవరు తీసుకెళ్ళారు. ఎన్ని గంటలు నడిచింది. నూనె చూసినవారి సంతకం. రోజుకు 5 గంటల చొప్పున 10 రోజులు నడిస్తే 50 గంటలు. మొత్తం 50కి రాగానే కింద గీత గీసి, నూనె మార్చిన తేదీ రాయాలి. మళ్ళీ సున్నా నుంచి లెక్క మొదలు.

నూనె డబ్బా వందల్లో వస్తుంది. పట్టేసిన ఇంజను బాగు చేయించాలంటే వేలు కావాలి. మిషను అద్దె లోంచి నూనెకు కొంత పక్కన పెడితే ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కర లేదు. ఆ పుస్తకం చూస్తే మెకానిక్కు కూడా ఇష్టమొచ్చిన లెక్క చెప్పలేడు. ఇంజను ఎన్ని గంటలు నడిచిందో, నూనె ఎప్పుడు మార్చారో వాళ్ళ చేతిరాతలోనే ఉంటుంది.