కొలిమి వేడిని పట్టే తేనెపట్టు

ఉక్కు దిమ్మెను పలకగా సాగదీయాలంటే ముందు సుమారు 1,200 డిగ్రీల దాకా కాల్చాలి. ఆ కొలిమి వదిలే పొగలోనూ భగభగలాడే వేడి ఉంటుంది. దాన్ని గాలికి వదిలేయడమంటే డబ్బు పెట్టి కొన్న ఇంధనాన్ని పారబోయడమే.

ఆ వేడిని ఒడిసిపట్టేది సిరామిక్ తేనెపట్టు. చూడ్డానికి ఇటుకలాంటి దిమ్మ. వెలుగుకు ఎదురుగా పెడితే ఈ చివరి నుంచి ఆ చివరికి వరసగా సన్నని గదులు. పొగ వాటిలోంచి పోతూ గోడలకు వేడినిస్తుంది. కాసేపటికే పొగ దారి మారుతుంది. చల్లగాలి అవే గదుల్లో కాగి కొలిమిలోకి చేరుతుంది. లోహమైతే ఆ సెగకు వంగిపోయేది.

జపాన్ 1993-99 మధ్య ఇలాంటి కొలిముల్ని 30 శాతం ఇంధన ఆదా లక్ష్యంతో అభివృద్ధి చేసింది. ఇంధనం ఎంత మిగిలితే కార్బన్ డయాక్సైడ్ అంత తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ ఈ తేనెపట్లపై పనిచేశారు. వీటి తయారీలో, జంతికల పిండిని గొట్టంలో నొక్కినట్టే, సిరామిక్ ముద్దను అచ్చులోంచి నెడతారు. ఆరబెట్టేటప్పుడు తొందరపడితే పలుచటి గోడలు చిట్లిపోతాయి.